ఫీకా సరే, కప్పు ఎవరు కడుగుతారు?

ఈమధ్య వాట్సాప్‌లో స్వీడన్ వాళ్ళ "ఫీకా" గురించి తెగ తిరుగుతోంది. పనిలో ఉన్నవాళ్ళు పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి అన్నీ ఆపి, కలిసి కూర్చుని కాఫీ తాగుతారు, దాల్చినచెక్క బన్ను తింటారు. కాఫీకి వాళ్ళ పాత మాట "కఫ్ఫీ"ని తిరగేస్తే ఫీకా అయిందట. బాగుంది. నాకు పంపినవాళ్ళంతా మగవాళ్ళే. "జీవితాన్ని ఆస్వాదించడమంటే ఇదీ" అని కింద ఓ వ్యాఖ్య. అది టైపు చేస్తున్నప్పుడు పక్కన టీ గ్లాసు ఎవరు తెచ్చి పెట్టారండీ అని అడగాలనిపించింది.

మా అక్క కొడుకు విజయనగరంలో చదివి, ఇప్పుడు కార్ల్స్‌క్రోనాలో బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మాస్టర్స్ చేస్తున్నాడు. మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారక్కడ. మొదట్లో వాడికి ఫీకా అంటే చిరాకు. "పని మధ్యలో లేచిపోతారు పిన్నీ, ఇంక చేసేదెప్పుడు?" అనేవాడు. పిలిచినా పనుందని కదిలేవాడు కాదు. రాకపోతే కష్టజీవి అనుకోరు, తమతో కూర్చోవడం ఇష్టం లేదనుకుంటారని తర్వాత తెలిసింది. కానీ వాణ్ణి ఆశ్చర్యపరిచింది కాఫీ కాదు. తాగాక ప్రొఫెసరుగారు తన కప్పు తనే తీసుకెళ్ళి కడిగి పెట్టుకున్నారు. మనవాడు మాత్రం అలవాటు కొద్దీ బల్ల మీద వదిలేసి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు వెళ్ళేసరికి ఆ కప్పు అక్కడే, అడుగున ఎండిపోయిన కాఫీతో ఉందట!

నా గొడవంతా ఆ కప్పు గురించే.

విరామం మనకి తెలియనిదా? మన పల్లెల్లో అంబలి తాగే వేళే ఒక పొద్దు గుర్తు. ఊడుపుల్లో ఆడవాళ్ళు బురద కాళ్ళతో గట్టెక్కి, చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టుకుని, వరసలు కలుపుకుంటూ, నవ్వుకుంటూ కూర్చునేవారు. దానికి ఇంగ్లీషు పేరు లేదు కాబట్టి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి చోట పనిచేసేవాళ్ళకి చట్టమే ఉంది. కనీసం అరగంట విశ్రాంతి లేకుండా ఐదు గంటలకి మించి పని చేయించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నియమం పెట్టింది. పొలంలో ఉంది, మిల్లులో ఉంది, ఆఫీసులో ఉంది. వంటింట్లో లేదు. పైగా అందరి విరామమూ వంటింటికి ఇంకో పని.

"ఇంట్లోనే ఉంటావుగా, నీకు రోజంతా విరామమే" అంటారు. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళది రోజుకి సగటున 299 నిమిషాలని తేలింది. మగవాళ్ళది 97. ఇందులో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం కలపలేదు. అది వేరే లెక్క. ఇంతా చేసి ఇద్దరు ఆడవాళ్ళు మెట్ల మీద కాసేపు కూర్చుంటే దాని పేరు సోది. అదే స్వీడన్ ఆఫీసులో అయితే సంస్కృతి!

అలాగని స్వీడన్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడా ఒకప్పుడు కాఫీకి పిలిస్తే ఇల్లాలు ఏడు రకాల బిస్కెట్లు, కేకులు చేసి పెట్టాలి. 1945లో "ఏడు రకాల కేకులు" అనే అర్థం వచ్చే పేరుతో వంటల పుస్తకమే వచ్చింది. ఆ ఏడో రకం పొయ్యి మీంచి దించాక ఆవిడ కూర్చుందో లేదో మరి.

కాబట్టి ఫీకా మెసేజ్ పంపే అన్నయ్యలూ, బావగార్లూ, నాకు బన్ను వద్దు. ఆదివారం బయటినుంచి బిర్యానీ తెప్పించి "ఈరోజు నీకు రెస్ట్" అనడమూ వద్దు, ఆ గిన్నెలూ నేనే తోముతాను. సాయంత్రం నాలుగింటికి టీ మీరు పెట్టండి, అత్తయ్యగారికీ నాకూ ఇచ్చి మీరూ కూర్చోండి. పంచదార డబ్బా ఎక్కడుందని మాత్రం అడక్కండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ అరలోనే ఉంది.