తంజావూరు కొలువుకూటం: నిలిచిన వైభవం, తీరని రుణం

తంజావూరు రాజప్రాసాదంలో కళాప్రదర్శనశాల వెలసి 75 ఏళ్లు. చోళమండలపు పల్లెల్లో ధూపదీపాలకు దూరమై, ఆలన కరవైన శిల్పాలకూ కంచుమూర్తులకూ 1951లో నీడనిచ్చిన ఆ కొలువుకూటం తెలుగు నాయకరాజుల నాటిది. అందుకే ఈ సందర్భం తమిళులకు ఎంత పండుగో మనకూ అంతే పండుగ. మనల్ని మనం నిలదీసుకోవలసిన సమయం కూడా.

16వ శతాబ్దిలో విజయనగర సామ్రాజ్య నీడన సేవప్ప నాయకుడు నెలకొల్పిన రాజ్యం, రఘునాథ విజయరాఘవుల కాలానికి తెలుగు సరస్వతికి నెలవైంది. చేమకూర వేంకటకవి విజయవిలాసం ఇక్కడే రఘునాథుడికి అంకితమైంది. రంగాజమ్మ మన్నారుదాస విలాసం ఇక్కడే పుట్టింది. యక్షగానం రాజాదరణతో కొత్త సొగసులు దిద్దుకుంది. 1673లో నాయక ప్రభ అస్తమించినా, కొద్దికాలానికే వచ్చిన మరాఠా ప్రభువులు తెలుగును కాదనలేదు సరికదా, వారిలో శాహజీ స్వయంగా పల్లకీ సేవా ప్రబంధం రచించాడు. రెండవ శరభోజి సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని దేశదేశాల గ్రంథాలతో నింపాడు.

1855లో వారసుడు లేడన్న మిషతో ఈస్టిండియా కంపెనీ రాజ్యాన్ని కలిపేసుకున్నాక, ఏలికలు లేని కోట క్రమంగా ప్రజల సొత్తయింది. 1918లో గ్రంథాలయం, స్వాతంత్ర్యానంతరం కళాప్రదర్శనశాల ద్వారాలు తెరిచాయి. తిరువెణ్‌కాడు నుంచి వచ్చిన 1011 నాటి వృషభవాహనమూర్తిని ఇక్కడ చూడాలి. జడలను తలపాగాలా చుట్టి, పాదం మీదుగా పాదం వేసి, కుడిచేతిని నంది మూపున ఆనించినట్టు నిలుచున్నాడు శివుడు. నంది లేదు. అయినా ఆ మోచేతి ఒంపు చూస్తుంటే, పక్కనే నంది నిలిచివున్నట్టే తోస్తుంది.

అంతటి శిల్పసంపదను పదిలపరచినందుకు గర్విస్తూనే, ఇదే ప్రాంగణంలో తాళపత్రాలపై నిద్రిస్తున్న తెలుగును తలచుకుంటే కలవరం కలుగుతుంది. గ్రంథాలయం కొన్నింటిని అచ్చువేసింది. కానీ ఆ రాతను తడుముకోకుండా చదివే కళ్లు తగ్గిపోతున్నాయి. తంజావూరులోని పెద్దగుడిలో దర్శనం ముగించుకొని అటు నుంచి అటే సాగిపోయే తెలుగు యాత్రికుల్లో ఎందరికి ఈ కోట తమ సాహిత్యపు పుట్టినిళ్లలో ఒకటని తెలుసు? సమీపంలోని మేలట్టూరులో ఏటా నరసింహ జయంతికి తమిళ గడ్డపై భాగవతులు తెలుగు నాటకాలు ఆడుతూనే ఉన్నారు. పరాయిగడ్డ మరవని మాటను సొంతగడ్డ మరవడం న్యాయమేనా?

ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ తంజావూరుతో చేయి కలపాలి. తాళపత్ర పఠనంలో యువ పరిశోధకులకు శిక్షణ ఇప్పించాలి, పరిష్కృత ముద్రణలు తేవాలి, ఆ యక్షగానాలకు మళ్లీ రంగస్థలం కల్పించాలి. కంచునూ రాతినీ తమిళ సోదరులు కాపాడుతున్నారు. అక్షరాన్ని చదివి బతికించే పూచీ మనది. ప్రదర్శనశాలకు నూరేళ్లు నిండే 2051 నాటికైనా ఈ రుణం తీర్చుకున్నామని తలెత్తి చెప్పగలగాలి.