గెల ఆగదండీ!

రాజమండ్రి నుంచి తణుకు వైపు వెళ్ళే బస్సెక్కితే, జొన్నాడ దాటగానే గౌతమి మీద పొడుగాటి వంతెన వస్తుంది. అది దిగితే రావులపాలెం. ఇంకాస్త ముందుకెళ్తే సిద్ధాంతం దగ్గర వసిష్ఠ. రెండు గోదారి పాయల మధ్య, కోనసీమకి గుమ్మంలా ఉంటుందీ ఊరు. ఇక్కడ బస్సు మారి కొత్తపేట మీదుగా అమలాపురం పోయేవాళ్ళే తప్ప, ఆగి అరటి మార్కెట్ చూసేవాళ్ళు తక్కువ.

చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. లంకల్లోంచి, చుట్టుపక్కల పల్లెల్లోంచి గెలలొస్తాయి. సైకిలుకి అటూ ఇటూ గెలలు కట్టుకుని, తొక్కే చోటు లేక నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత... దేని వరుస దానిదే. ఇక్కడ తూకం లేదు. గెల చూసి, అత్తాలు లెక్కపెట్టి, కాయ బలం చూసి ధర చెబుతారు. తర్వాత లారీలకెక్కి తెలంగాణ, ఒడిశా, తమిళనాడు దాకా పోతాయి. ఎక్కేది పచ్చికాయ. మాగేది అవతలి ఊళ్ళో.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ధాన్యమైతే గాదెలో పోసుకుని మంచి ధర కోసం చూడొచ్చు. కొబ్బరికాయల్ని రాశి పోసి కొన్నాళ్ళు ఆగొచ్చు. అరటిగెల ఆగదు. చెట్టునే ఉంచితే పండి పగులుతుంది. కోశాక వెనక్కి తీసుకెళ్ళినా లాభం లేదు. అది కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. దసరాకి, కార్తీకానికి, పెళ్ళి ముహూర్తాలకి గెల ధర లేస్తుంది. మూఢం వస్తే పడిపోతుంది. కోత కూలి, బండి ఖర్చు కూడా రాని రోజులుంటాయి. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగినప్పుడు కాయ తోటల్లోనే పండిపోయింది.

దానికి తోడు గాలి, గోదారి. 1996 నవంబరు తుపానుకి కొబ్బరితోపాటు అరటీ నేలకొరిగింది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటితే లంక తోటలు మునిగాయి. అరటి దుంప రోజుల తరబడి నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది. సొంత రైతుకి ఆ ఏడాది పంట పోతుంది. కౌలు రైతుకైతే పంటతో పాటు కౌలు డబ్బూ పోతుంది. అయినా నీరు తీయగానే మళ్ళీ పిలకలు నాటతారు. అవి గెల వేసి కోతకి రావడానికి దాదాపు ఏడాది.

ఈసారి అటు వెళ్తే ఓ బస్సు వదులుకుని యార్డులోకి తొంగిచూడండి. మన తాంబూలంలో రెండు పళ్ళకి ఏడాది కష్టం. దాని ధర తేలేది మాత్రం రెండు నిమిషాల్లో!