పేరుకు కాపలా ఉంది, బొమ్మకేదీ?

శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఊరికే పడదు. కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన నూలుగుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో, వెదురు కలం పట్టి గీయాలి. చీర పూర్తయ్యేసరికి వారాలు గడుస్తాయి. అదే బొమ్మను స్క్రీన్ ప్రింటింగ్‌లో చకచకా దించేసి, కలంకారీ అనే అమ్ముతున్నారు.

పేరును ఇలా వాడుకోకుండా కాపాడేది భౌగోళిక గుర్తింపు (జీఐ). తిరుపతి లడ్డూకు 2009లో అది దక్కింది. దాని వెనక టీటీడీ ఉంది, కోర్టు మెట్లెక్కగలదు. శ్రీకాళహస్తి కలంకారీకీ ఆ గుర్తింపు ఉంది గానీ, అది చిన్న చిన్న కుటుంబాల పని. పైగా జీఐ కాపాడేది పేరునే.

మరి కొత్త బొమ్మ గీసిన కుర్రాడికి దిక్కెవరు? కాపీరైట్ చట్టం 15వ సెక్షన్‌లో ఓ మెలిక ఉంది. నమోదుకు వీలున్న డిజైన్‌ను నమోదు చేయించకుండా, తానే గానీ తన అనుమతితో మరొకరు గానీ యంత్రాలపై 50 సార్లకు మించి తీస్తే, కాపీరైట్ పోతుంది. నమోదు చేయిస్తే పదేళ్లు, ఆపై మరో ఐదేళ్లు రక్షణ. ఈ సంగతి కలం పట్టినవాళ్లలో ఎందరికి చెప్పారు?

రామాయణ ఘట్టాలూ కల్పవృక్షమూ మాత్రం ఎవరి సొంతమూ కాకూడదు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి లాంటివారు ఎదిగింది ఆ ఉమ్మడి సొత్తులోంచే. కొత్త డిజైన్ల నమోదుకు ప్రభుత్వం శ్రీకాళహస్తిలోనే ఓ కౌంటర్ తెరిచి, ఫీజు తానే కట్టాలి.