ఆఫ్రికా ప్రయాణానికి ఆరు వారాల ముందు

నూజివీడు తోటల్లో రసాల కోతలు ముగిసి, లెక్కలు తేలాక ఇళ్లలో ప్రయాణాల మాట మొదలవుతుంది. ఒకప్పుడు తిరుపతి, షిర్డీ, కాశీ. ఇప్పుడు నైరోబీలోనో, దార్ ఎస్ సలాంలోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు 'నాన్నా, సింహాలను చూద్దురుగాని రండి' అని టికెట్లు పంపుతున్నారు.

ఆ మధ్య అలాంటి రైతు దంపతులు మా ఓపీకి వచ్చారు. నాలుగు రోజుల్లో కెన్యా విమానం. బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా రాసిమ్మన్నారు. 'ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా?' అని అడిగాను. 'జ్వరమేమీ లేదండీ' అన్నారాయన. చివరికి టికెట్ల తేదీ మార్చుకోవాల్సి వచ్చింది.

ఎందుకంటే ఈ టీకా ధ్రువపత్రం వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది. కెన్యా, ఉగాండా వంటి దేశాల నుంచి అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఇది వట్టి కాగితాల గొడవ కాదు. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు. కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ మాత్రం మన పెరట్లోనే ఉంది. మనకు డెంగీ తెచ్చేది అదే. ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అయితే గుడ్డు తీవ్రంగా పడనివారికి, గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇది తగదు. అరవై దాటినవారికి దుష్ప్రభావాల ముప్పు కొంత ఎక్కువ. అందుకే టికెట్లు కొనకముందే డాక్టరును కలవాలి. ఆరు వారాల గడువుంటే టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ధనుర్వాతం టీకాల సంగతీ చూసుకోవచ్చు.

మలేరియాకు మాత్రం టీకాను నమ్ముకుని వెళ్లే వీల్లేదు, మాత్రలే దిక్కు. ఈ జబ్బు దోమల ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అయినా మనకు తెలిసిన పాత క్లోరోక్విన్ తూర్పు ఆఫ్రికాలోని ఫాల్సిపారం మలేరియాను ఆపలేదు. డాక్సీసైక్లిన్ వంటి మందును బయల్దేరే ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. ఇది ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు పనికిరాదు. వారికి వేరే మందులుంటాయి. సఫారీలో నిండు చేతుల లేతరంగు దుస్తులు వేసుకోండి. ముదురు నీలం, నలుపు రంగులకు అక్కడి సెట్సీ ఈగలు ఆకర్షితమవుతాయి.

ఇక కొండ సంగతి. కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదానిలో సగమే. రోజూ వాకింగ్ చేస్తాను, నాకేమవుతుందనుకోవద్దు. ఎత్తు జబ్బు కండబలాన్ని చూసి రాదు. పదమూడేళ్లకే 2014లో ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ కూడా అంతకుముందు భువనగిరి గుట్టపైన, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందింది. కాబట్టి ఐదు రోజుల్లో ముగించే చవక ప్యాకేజీ వద్దు, ఏడెనిమిది రోజులది ఎంచుకోండి. అక్కడి గైడ్లు 'పోలే పోలే' అంటుంటారు. మన 'నిదానమే ప్రధానం' అన్నమాట. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇక పైకి ఎక్కకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఎంత రాత్రయినా వెంటనే కిందికి దిగాలి. అసిటజోలమైడ్ మాత్ర కొంత సాయపడుతుంది. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

షుగరు, బీపీ ఉన్నవారు మందులను, చీటీలను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. కొండపై దాన్ని లోదుస్తులకు ఆనించి వెచ్చగా ఉంచుకోవాలి. ఆవకాయ పట్టుకెళ్లడం మీ ఇష్టం. అయితే కెన్యా, టాంజానియాల్లో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. వేసవి సెలవులని ఏప్రిల్, మే నెలల్లో బయల్దేరితే అక్కడ అది వానాకాలం. మామిడి కోతలయ్యాక వెళ్లడమే అన్నివిధాలా మేలు.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మీరు తిరిగొచ్చేసరికి ఇక్కడా వానలు, జ్వరాలు. మా ఓపీ కిటకిటలాడుతుంటుంది. జ్వరమనగానే మా ఆలోచన డెంగీ వైపో, టైఫాయిడ్ వైపో వెళ్తుంది. ఎక్కడికైనా వెళ్లొచ్చారా అని అడగడం మేం మరచిపోవచ్చు. ఫాల్సిపారం మలేరియాను గుర్తించడం ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే వచ్చిన మూడు నెలల్లోపు జ్వరం వస్తే, మాత్రలు వాడినా సరే, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. కుర్చీలో కూర్చుంటూనే 'డాక్టరు గారూ, ఆఫ్రికా వెళ్లొచ్చాను' అని చెప్పండి. ఆ తర్వాతే మిగతా కబుర్లు.