"జాగ్రత్తగా రండి" అని ఎందుకన్నానో

2023 జులై 25 తెల్లారేసరికి మా వేల్పూర్‌లో 24 గంటల్లో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. పేపర్లో ఆ అంకె చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు. అంగుళాలంటే జాకెట్టు కొలతల వల్ల తెలుస్తాయి గానీ సెంటీమీటర్లు ఎవరికి ఎక్కుతాయి?

మొన్న సెలవులకు వచ్చిన మా బిడ్డ లెక్క కట్టి చెప్పింది. అడుగున్నర నీళ్లు. ఒక్క ఎకరంలో పడ్డవే 18 లక్షల లీటర్లు దాటుతాయట. పెళ్లిళ్లకు తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 370 తెచ్చి ఒకే ఎకరంలో ఒంపినట్టు! మా పసుపు చేన్లో మట్టి ఎందుకు మిగల్లేదో అప్పుడు అర్థమైంది.

తను సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. ల్యాప్‌టాప్‌లో ఎస్.డబ్ల్యు.ఎం.ఎం. అనే సాఫ్ట్‌వేర్ చూపించింది. అమెరికా పర్యావరణ సంస్థ 1971లో తెచ్చింది, ఉచితంగానే దొరుకుతుంది. ఎంత వాన, ఎంతసేపు, నేల మట్టిదా సిమెంటుదా, మోరీ ఎంత వెడల్పు అని చెబితే, ఏ గంటకు ఎక్కడ పొంగుతుందో లెక్కగట్టి గీత గీస్తుంది. అదే వానకు మట్టి నేల తీసి సిమెంటు పెట్టగానే గీత నిట్టనిలువుగా లేచింది. వాకిలంతా సిమెంటు చేయించుకుని సాన్పు చల్లే బాధ తప్పిందని మురిసినదాన్ని నేను. మాట్లాడకుండా కూర్చున్నాను.

రెండోది నెట్‌లోగో. ఉరి విలెన్‌స్కీ అనే ప్రొఫెసర్ 1999లో చదువు చెప్పడం కోసం చేశాడట. ఒకే వరుసలో కార్లు పోతుంటాయి. ప్రమాదం లేదు, సిగ్నల్ లేదు. ఒకటి కాస్త నెమ్మదిస్తే చాలు, వెనక గుంపు కడుతుంది. కార్లు ముందుకు పోతుంటే ఆ గుంపు మాత్రం వెనక్కి జరుగుతూ ఉంటుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి దగ్గర 44వ నంబరు హైవే మీద బండ్లు ఎట్లా నిలిచిపోయాయో టీవీలో చూశాం కదా. నీళ్ల ముందు ఆగినవాడికి నీళ్లు కనిపిస్తాయి. వెనకవాడికి ముందు బండి తప్ప ఏమీ కనిపించదు.

ఆ 2023 వాననాడు మా ఆయన ఆర్మూర్ నుంచి ఫోన్ చేసి "బయల్దేరనా?" అన్నారు. "జాగ్రత్తగా రండి" అన్నాను. మధ్యలో వాగు రోడ్డెక్కింది. ముందూ వెనకా బండ్లు, మూడు గంటలు వానలో నిలబడ్డారు. ఎవరో బైకు నడిపించుకుంటూ దాటబోయి పడిపోతే పక్కవాళ్లు లాగారట. వేగంగా పారే నీళ్లు అరడుగుంటే మనిషిని పడేస్తాయి, రెండడుగులుంటే చాలా బండ్లను తేల్చుకుపోతాయి. ఈ రెండు అంకెలు నాకు తెలిసుంటే "అక్కడే ఉండండి" అనేదాన్ని.

ఇవి ఇంజనీరింగ్ కాలేజీలకే ఎందుకు? కంప్యూటర్లున్న ప్రతి సర్కారు బడిలో పిల్లలకు చూపించాలి. మహిళా సంఘాల మీటింగుల్లోనూ చూపించాలి. పొదుపు లెక్కలు చూసేవాళ్లకు నీళ్ల లెక్క రాదా? బయల్దేరాలా వద్దా, పిల్లల్ని బడికి పంపాలా వద్దా అన్నది తేలేది మన వంటింట్లో, మన ఫోన్లోనే.

కాకపోతే మన ఊరి లెక్క మనమే పెట్టుకోవాలి. మా బిడ్డ మా వాడకట్టు గీసి నీళ్లు ఇటు పోతాయని చూపిస్తే, మా అత్తమ్మ తొంగిచూసి "ఇట్లెందుకు పోతయే? ఎనుకట ఆడ ఒర్రె ఉండె, పూడిపి ఇండ్లు కట్టిన్రు" అన్నది. బిడ్డ ఆ గీత చెరిపి మళ్లీ గీసింది. ఈసారి మోరీ పొంగింది మా గల్లీ మలుపులో, ఆ రోజు పొంగిన చోటే.