తాళం ఇచ్చాక తగిలిన దెబ్బ ఎవరిది?

ఉదయం సర్వీస్ సెంటర్‌లో కారు తాళం ఇచ్చి ఆఫీసుకు వెళ్తాం. మధ్యాహ్నం సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేస్తాడు: "సార్, బండి లిఫ్ట్ ఎక్కించాం. కింద ఆయిల్ సంప్‌కి క్రాక్ ఉంది, మీరు చూసుకోలేదా?" లేదంటే సాయంత్రం బండి తీసుకుని బయల్దేరాక, పెట్రోల్ బంకులో దిగినప్పుడు వెనక బంపర్ మూల మీద ఉదయం లేని గీత కనబడుతుంది. వెనక్కి వెళ్లి అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ముందునుంచే ఉంది సార్." ఆ ఒక్క మాటతో రుజువు చేయాల్సిన భారం మన నెత్తికెక్కుతుంది. చట్టం మాత్రం దాన్ని పూర్తిగా మన మీద పెట్టలేదు.

కారును మరమ్మతుకు ఇవ్వడమంటే ఒక పని కోసం వస్తువును అప్పగించడం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో దీని పేరు బెయిల్‌మెంట్. సొంత వస్తువైతే మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్త పడతాడో, అప్పగించుకున్నవాడూ అంతే జాగ్రత్త పడాలని 151వ సెక్షన్ చెబుతోంది. ఆ జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే బాధ్యత లేదని 152వ సెక్షన్ మినహాయిస్తోంది. మరి జాగ్రత్త తీసుకున్నారని ఎవరు చూపించాలి? పేచీ అంతా ఇక్కడే.

దీనికి సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న తాజ్‌మహల్ హోటల్ కేసులో జవాబిచ్చింది. 1998లో ఢిల్లీలోని ఆ హోటల్‌కు వచ్చిన ఒకాయన తన మారుతి జెన్ తాళాన్ని పార్కింగ్ సిబ్బందికిచ్చి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు. పార్కింగ్ చీటీ మీద మాత్రం, నష్టం జరిగితే మా పూచీ లేదని అచ్చువేసి ఉంది. కారు అప్పగించినట్టు, అది తిరిగి రానట్టు తేలాక, తమ వైపు నిర్లక్ష్యం లేదని చూపించుకోవాల్సింది హోటలేనని కోర్టు తేల్చింది. అది చూపించకుండా చీటీ చాటున తప్పించుకోవడం కుదరదంది.

హోటల్ వేరు, వర్క్‌షాపు వేరు అని డీలర్లు వాదించొచ్చు. నన్నడిగితే వర్క్‌షాపు బాధ్యతే ఎక్కువ. హోటల్‌లో కారు ఒక చోట నిలబడి ఉంటుంది. ఇక్కడ ఒకరు కడుగుతారు, ఇంకొకరు లిఫ్ట్ ఎక్కిస్తారు, మరొకరు టెస్ట్ డ్రైవ్ అంటూ రోడ్డు మీదికి తీస్తారు. ఆ నాలుగైదు గంటల్లో ఏ చేతిలో ఏం జరిగిందో తెలుసుకునే వీలు వాళ్లకే ఉంది. సీసీ కెమెరాలూ వాళ్లవే.

అయితే యజమానికీ ఒక చిక్కుంది. అప్పగించేటప్పుడు బండి బాగుందని మొదట చూపించాల్సింది తనే. అందుకు ఉన్న ఒకే కాగితం జాబ్ కార్డు. దాని మీద కారు బొమ్మ ఉంటుంది. గీతలు, సొట్టలు ఉన్నచోట గుర్తు పెట్టాలి. పొద్దున్నే బళ్లు బారులు తీరి ఉన్నప్పుడు ఆ బొమ్మ జోలికి ఎవరూ పోరు. అడ్వైజర్ కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు రాసుకుని "ఇక్కడ సంతకం పెట్టండి సార్" అంటాడు, పెట్టేస్తాం. ఖాళీగా మిగిలిన ఆ బొమ్మ ఎవరి పక్షం? గుర్తు లేదంటే దెబ్బ లేనట్టే లెక్క కాబట్టి యజమాని పక్షమేనని నేనంటాను. తనిఖీ చేసి రాసుకోవాల్సింది అప్పగించుకున్నవాళ్లు.

బండి కింది దెబ్బల సంగతి అంత తేలిక కాదు. జాబ్ కార్డు బొమ్మలో అడుగు భాగం ఉండదు. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే. యజమానికి తెలియకుండానే సంప్‌కి దెబ్బ తగిలి ఉండొచ్చు. డీలర్ అన్నిసార్లూ అబద్ధమాడుతున్నాడనుకోవడం అన్యాయం. అందుకే ఫోన్‌లో "సరే, మార్చేయండి" అనకుండా వెళ్లి, బండి లిఫ్ట్ మీద ఉండగానే చూడాలి. అల్యూమినియం సంప్ అయితే కొత్తగా పగిలిన చోట లోహం తళతళలాడుతుంది. పాత పగులు మసకబారి, నూనె, దుమ్ము కలిసి నల్లగా పట్టేసి ఉంటుంది. డ్రెయిన్ బోల్టు మర పోయిందంటే మాత్రం రాళ్లను తిట్టి లాభం లేదు. కిందటిసారి ఆయిల్ మార్చి ఆ బోల్టు బిగించిందెవరో పాత బిల్లు చెబుతుంది.

గొడవ ముదిరేసరికి అడ్వైజర్ ఒక ఉపాయం చెబుతాడు: "ఎందుకు సార్ ఇదంతా, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం." వినడానికి బాగానే ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం దాకా దక్కే నో క్లెయిమ్ బోనస్ దాంతో పోతుంది. అంతకంటే పెద్ద ముప్పు క్లెయిమ్ ఫారంలో ఉంది. ప్రమాదం ఎక్కడ జరిగింది, నడిపిందెవరు అని అందులో అడుగుతారు. వర్క్‌షాపులో తగిలిన దెబ్బకు మన పేరు, మన వీధి పేరు రాసి సంతకం చేస్తే, వాళ్ల తప్పును మనం రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. పైగా బీమా సంస్థకు అబద్ధం చెప్పినట్టు.

బిల్లు కట్టనని భీష్మించుకోవడమూ దారి కాదు. చేసిన పనికి డబ్బు రాకపోతే బండి ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ వర్క్‌షాపుకిచ్చింది. డబ్బు కట్టి, అభ్యంతరంతో కడుతున్నట్టు బిల్లు మీదే రాసి, ఫొటోలు తీసుకుని, సీసీ ఫుటేజీ చెరపవద్దని ఆ రోజే ఈమెయిల్ పెట్టడం మేలు. తర్వాత 1915 హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా ఫిర్యాదు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు.

ఇంకో మాట. డీలర్ తప్పు ఒప్పుకున్నాక ఆ డబ్బును బండి కడిగే కుర్రాడి జీతంలో కోసే చోట్లూ లేకపోలేదు. దెబ్బ దాచిపెట్టాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

ఇక జాబ్ కార్డు వెనక సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండే "మా బాధ్యత కాదు" షరతు. అదే 2019 చట్టం అన్యాయపు ఒప్పందాలను సవాలు చేసే వీలు కల్పించింది. కానీ ఆ సవాలు జిల్లా కమిషన్‌లో చెల్లదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. బంపర్ గీత కోసం ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో, శ్రీకాకుళం నుంచి విజయవాడకో కేసు పట్టుకుని ఎవరు తిరుగుతారు? అందుకే షరతు అలాగే అచ్చవుతూ వస్తోంది. హోటళ్ల సర్వీస్ ఛార్జీ మీద 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకోసం ఒక్కో కస్టమరూ కేసు వేసే దాకా ఆగలేదు. జాబ్ కార్డు విషయంలోనూ ఆ సంస్థ అదే చేయొచ్చు. బండి అప్పగించుకునేటప్పుడు చుట్టూ, లిఫ్ట్ ఎక్కించగానే కింద ఫొటోలు తీసి, పని మొదలుపెట్టకముందే యజమాని ఫోన్‌కు పంపాలని ఆదేశిస్తే చాలు. అడ్వైజర్ చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది.