మంచు చేసే మాయ

మన భాషలో మంచు అన్న మాటకు చాకిరీ ఎక్కువ. గడ్డిపోచమీది బిందువూ మంచే, తెల్లవారుజామున దేవరకొండ రోడ్డును కప్పేసేదీ మంచే, హిమాలయాలమీద పేరుకున్నదీ మంచే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవారికి మొదటి రెండే పరిచయం. గడ్డకట్టే మంచు మన దాకా రాదులే అని ధీమాగా ఉంటాం. విమానం నడిపేవాళ్ళకు మాత్రం ఆ ధీమా పనికిరాదు.

2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో (సూర్యాపేట వైపు తుంగతుర్తి కాదు, ఇది సాగర్‌కు దగ్గరలోది) చిన్న శిక్షణ విమానం ఒకటి కూలిపోయింది. నాగార్జునసాగర్ దగ్గరి రన్‌వే నుంచి ఒంటరిగా బయలుదేరిన తమిళనాడు అమ్మాయి, ఇంకా శిక్షణలో ఉన్న పైలట్, ప్రాణం పోగొట్టుకుంది. పొలాల్లో ఉన్నవాళ్ళే ముందుగా పరుగెత్తుకు వెళ్ళారు. ఆ ప్రమాదాన్ని చలిమీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు; అప్పటికి పొద్దు బారెడెక్కింది. అయితే పిల్లల్ని పైలట్ చదువుకు పంపే తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతి ఒకటుంది.

ఆ విమానం సెస్నా 152. రెండే సీట్లు, 110 గుర్రాల ఇంజను. మనుషులు, పెట్రోలు అంతా కలిపినా సుమారు ఏడున్నర క్వింటాళ్ళే. ఈ ఇంజనుకు పాత మోటారు సైకిళ్ళకు మల్లే కార్బురేటరు ఉంటుంది. పెట్రోలు అక్కడ ఆవిరై గాలిలో కలుస్తుంది. కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, ముఖ్యంగా అందుకే ఆ గొట్టమూ చల్లబడుతుంది. ఇరవై డిగ్రీలకు పైగా ఇట్టే పడిపోతుంది. బయట చొక్కాతో తిరిగే వాతావరణమే అయినా, గాలిలో తేమ ఉంటే లోపల గడ్డ కడుతుంది. చలికాలపు ఉదయం, పక్కన జలాశయం... ఇక అడగాలా? ఇంజను ఊపిరాడక నీరసిస్తుంది.

దీనికి మందు లేకపోలేదు. ఒక మీట లాగితే పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి పోయి గడ్డను కరిగిస్తుంది. కాని వేడిగాలి పలచన. ఇంజను బలం తగ్గుతుంది. అందుచేత మామూలుగా పైకి లేచేటప్పుడు ఆ మీట మూసే ఉంచుతారు. నేలమీద ఉండగానే లాగి చూసుకోవాలి. ఇంజను వేగం కాస్త తగ్గి అలాగే నిలిస్తే గడ్డ లేదు. తగ్గినది మీట లాగి ఉండగానే పుంజుకుంటే గడ్డ ఉండి కరిగిందన్న మాట. అర నిమిషం పని. తొందరలో దాన్ని వదిలేసి, నాలుగువందల అడుగుల ఎత్తున ఇంజను దగ్గితే, ఎవరికైనా వెనక్కి తిరగాలనే అనిపిస్తుంది. తిరగకూడదు. మలుపులో వేగం పోయి రెక్క పట్టు తప్పుతుంది. ముక్కు దించి, ఎదురుగా ఏ పొలం ఉంటే ఆ పొలంలో దిగవలసిందే. మన జిల్లాల్లో ఎదురుగా ఉండేవి గుండ్లూ కరెంటు తీగలూ కావడం మరో చిక్కు.

అసలు మంచు దేశాల్లో కథ వేరు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో, మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుతో ఉన్న పెద్ద విమానం రెండుసార్లు లేవబోయి ఆగి, మూడోసారి రన్‌వే దాటిపోయి ఒక ఇంటిని గుద్దుకుంది. 23 మంది పోయారు. రెక్కలమీది మంచు తుడిపించలేదని జర్మన్ విచారణ కెప్టెన్ జేమ్స్ థెయిన్‌ను తప్పుపట్టింది. ఉద్యోగం పోయింది. కోళ్ళఫారం చూసుకుంటూ ఏళ్ళతరబడి ఆయన పోరాడాడు. రెక్కమీద గరుకు కాగితమంత మంచు పేరుకున్నా ఎత్తే శక్తి చాలా పోతుందన్నది నిజమే. కాని ఆ రోజు దోషి రెక్కమీద లేదు, చక్రాల కింద ఉంది: రన్‌వేమీద నిలిచిన మంచుబురద విమానాన్ని పట్టి లాగింది. ఆయన తప్పు లేదని బ్రిటిష్ విచారణ తేల్చేసరికి 1969 వచ్చింది. పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు. 1975లో ఆయన చనిపోయాడు.